కాఫీ ప్యాకెట్ మీద ‘నేచురల్’ అంటే మన నేచురల్ కాదు: సిటీ కాఫీ షాపుల్లో రైతు చూడాల్సిన సంగతులు

హైదరాబాద్‌లో గానీ, బెంగళూరులో గానీ స్పెషాలిటీ కాఫీ షాపు అనేదానికి వెళ్లే అవకాశం వస్తే, మెనూ కార్డు తర్వాత చూడొచ్చు. ముందు అల్మారాలో నిలబెట్టిన పావుకిలో ప్యాకెట్లు చేతిలోకి తీసుకుని చదవండి. తోట పేరు, ప్రాంతం, సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తు, మొక్క రకం, వేయించిన తేదీ, తాగితే ఏ రుచులు తగులుతాయి, ఇవన్నీ దాని మీద రాసి ఉంటాయి. మన బియ్యం బస్తా మీద, పసుపు ప్యాకెట్ మీద ఇందులో సగం సమాచారం కూడా ఉండదు. ఆ రాతల మధ్య చాలా ప్యాకెట్ల మీద ‘నేచురల్’ అనే మాట కనపడుతుంది. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకి అది చూడగానే ప్రాణం లేచొస్తుంది.

ఆగండి. ఆ నేచురల్ వేరు, మన నేచురల్ వేరు.

కాఫీవాళ్ల భాషలో నేచురల్ అంటే పండు కోసిన తర్వాత తొక్క తీయకుండా, పండు పండుగానే ఎండబెట్టిన కాఫీ అని అర్థం. అంతే. తోటలో యూరియా వేశారా, కలుపు మందు కొట్టారా, జీవామృతం పోశారా అన్నదానికీ ఆ మాటకీ సంబంధం లేదు. తొక్క తీసి, జిగురు పులియబెట్టి, నీళ్లతో కడిగి ఎండబెడితే దాన్ని ‘వాష్డ్’ అంటారు. మన ఏజెన్సీలో పార్చ్‌మెంట్ అంటాం చూడండి, అది. తొక్క తీసి జిగురు మాత్రం గింజకే ఉంచి ఎండబెడితే ‘హనీ’. అందులో తేనె చుక్క కూడా ఉండదు. ఎండుతున్నప్పుడు జిగురు తేనెలా అంటుకుంటుందని ఆ పేరు. కొనేవాళ్లలో చాలామందికి ఈ తేడా తెలియదు. నేచురల్ అని ఉంది కాబట్టి మందులు లేనిదే అనుకుని తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు. షాపువాళ్లు మోసం చేస్తున్నారని కాదు, వాళ్ల వృత్తిలో ఆ మాటకి ఎప్పట్నుంచో ఉన్న అర్థం అదే.

మందుల్లేకుండా పండించిన కాఫీ కావాలంటే ప్యాకెట్ మీద వెతకాల్సింది వేరే గుర్తులు. ఎన్‌పీఓపీ కింద ఇచ్చే ఇండియా ఆర్గానిక్ ముద్ర ఒకటి, పీజీఎస్ ఇండియా ముద్ర ఇంకొకటి. నేను చూసినంతలో స్పెషాలిటీ షాపుల అల్మారాల్లో ఈ ముద్రలున్న ప్యాకెట్లు తక్కువే. ఎత్తు రాస్తారు, రకం రాస్తారు, రుచి రాస్తారు. నేల గురించి రాసేవాళ్లు అరుదు. ప్రకృతి వ్యవసాయ రైతుగా ఇది మనకి కష్టంగానే ఉంటుంది. ఎందుకిలా అని అడిగితే, అసలు ఈ షాపులు దేనికి డబ్బిస్తున్నాయో అర్థం చేసుకోవాలి.

80 మార్కుల గీత

‘స్పెషాలిటీ కాఫీ’ అనే మాటని 1974లో ఎర్నా నూట్సెన్ అనే కాఫీ వ్యాపారి వాడుకలోకి తెచ్చారు. ఒక్కో ప్రాంతపు వాతావరణం, నేల, ఎత్తును బట్టి కాఫీకి ఒక ప్రత్యేకమైన రుచి వస్తుంది, దాన్ని విడిగా గుర్తించాలి, విడిగా అమ్మాలి అన్నది ఆమె ఆలోచన. తర్వాత దానికి మార్కుల లెక్క వచ్చింది. క్యూ గ్రేడర్లు అని, పరీక్ష పాసైన రుచి నిపుణులు ఉంటారు. వాళ్లు కాఫీ రుచి చూసి 100కి మార్కులు వేస్తారు. 80, ఆపైన వస్తే స్పెషాలిటీ. 79 వస్తే మామూలు కాఫీ.

రుచి చూసే పద్ధతిని కప్పింగ్ అంటారు. వీడియోలో ఇది మొత్తం చూపించాం కాబట్టి ఇక్కడ క్లుప్తంగా చెప్తాను. కచ్చాపచ్చాగా పట్టిన కాఫీ పొడి 8 గ్రాములు చిల్లర గిన్నెలో వేసి, 150 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోస్తారు. నాలుగు నిమిషాలు ఆగి, పైన తేలిన తెట్టును చెంచాతో పగలగొట్టి వాసన చూస్తారు. తెట్టు తీసేసి, చెంచాతో సర్రుమని శబ్దం వచ్చేలా పీల్చి రుచి చూస్తారు. పాలు, పంచదార ఉండవు. ఇన్నేళ్లుగా వాడుతున్న మార్కుల కాగితంలో వాసన, రుచి, తాగిన తర్వాత నోట్లో మిగిలే రుచి, పులుపు, చిక్కదనం, తీపి, శుభ్రత ఇలా పది గళ్లు ఉంటాయి. జీవామృతానికి గడి లేదు. దేశవాళీ ఆవుకి గడి లేదు. మిత్రులు నొచ్చుకోకూడదు గానీ, రుచి చూసే బల్ల దగ్గర మన శ్రమలో సగం కనపడదు. కనపడేది గింజ ఒక్కటే.

అయితే మన శ్రమలో మిగతా సగం మాత్రం అక్కడ బాగా కనపడుతుంది. నీడ చెట్ల కింద కాఫీ పండు నిదానంగా పండుతుంది. ఎత్తు, చల్లదనం ఉన్నచోట ఇంకా నిదానంగా. నిదానంగా పండిన పండులో తీపి ఎక్కువ చేరుతుంది. అరకు, పాడేరు, చింతపల్లి కొండల మీద సిల్వర్ ఓక్ నీడలో, వాటి మీదకి ఎగబాకిన మిరియాల తీగల మధ్య ఉన్న తోటలకి ఈ అనుకూలత పుట్టుకతోనే ఉంది. ‘అరకు వ్యాలీ అరబికా’కి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కూర్గ్, చిక్‌మగళూరు, బాబాబుడన్‌గిరి అరబికాలు, వయనాడ్ రొబస్టాతో కలిపి ఆ ఏడాది గుర్తింపు పొందిన ఐదు కాఫీల్లో మనది ఒకటి. నాంది ఫౌండేషన్ ఆదివాసీ రైతుల సహకార సంఘంతో కలిసి బయోడైనమిక్ ఎరువులతో పండించే అరకు కాఫీ 2017లో పారిస్‌లో సొంత షాపు తెరిచింది. 2021లో బెంగళూరు ఇందిరానగర్‌లో కెఫే వచ్చింది. అంటే మందుల్లేని సాగుకీ, మంచి మార్కులకీ పొత్తు కుదరదని ఎవరూ అనలేరు. కుదిరింది. కానీ అది సాగుతో ఆగలేదు, కోతలోనూ ఎండబెట్టడంలోనూ జరిగింది. అక్కడే అసలు విషయం ఉంది.

పాలిపోయిన ఒక్క గింజ

షాపులో ఒక ప్యాకెట్ గింజలు కొని తెల్ల కాగితం మీద పోయండి. అన్నీ ఒకే రంగులో వేగి ఉండాలి. వాటి మధ్యలో వేరుశనగ పప్పు రంగులో పాలిపోయిన గింజ కనపడిందా? అది పచ్చికాయ గింజ. కాఫీవాళ్లు దాన్ని ‘క్వేకర్’ అంటారు. పచ్చికాయలో చక్కెర చేరదు కాబట్టి ఎంత వేయించినా రంగు తిరగదు. నమిలితే గడ్డి నమిలినట్టు, కాగితం నమిలినట్టు ఉంటుంది. పచ్చి గింజగా ఉన్నప్పుడు దాన్ని కనిపెట్టడం కష్టం, వేయించిన తర్వాత దాక్కోవడం దానికి కష్టం. కప్పింగ్ గిన్నెలో ఇలాంటివి ఒకటి రెండు పడినా ఆ గిన్నె రుచి మారిపోతుంది.

ఏజెన్సీలో పచ్చికాయ ఎందుకు కలుస్తుందో మనకు తెలుసు. కాఫీ పండ్లు ఒకేసారి పండవు. నవంబర్ నుంచి జనవరి, ఒక్కోచోట ఫిబ్రవరి దాకా ఒకే కొమ్మ మీద ఎర్ర పండు, దోర కాయ, పచ్చికాయ కలిసే ఉంటాయి. ఎర్రటివి మాత్రమే కోయాలంటే అదే మొక్క దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్లాలి. కొండ ఎక్కాలి, దిగాలి. కూలి ఖర్చు అన్నిసార్లు పెట్టాలి. ఇంట్లో పెళ్లి ఉంటేనో, షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటేనో, రాత్రి దొంగలు కోసుకుపోతారన్న భయం ఉంటేనో కొమ్మంతా ఒకేసారి దూసేస్తారు. వారం వారం సంతలో కొనేవాడు పచ్చికాయ ఉన్న బుట్టకీ, ఎర్రటి బుట్టకీ ఒకటే ధర కడితే, నాలుగుసార్లు కొండెక్కిన రైతు నష్టపోయినట్టే కదా. అందుకే పచ్చికాయ కోసే రైతుకి శిక్షణ లేదు, అవగాహన లేదు అని కార్యాలయాల్లో కూర్చుని చెప్పేవాళ్ల మాట నాకు రుచించదు. అవగాహన ఉంది. ఎర్ర పండుకి వేరే ధర లేదు. వేరే ధర ఇచ్చిన చోట ఇదే రైతులు ఎర్రటివే కోసి చూపించారు.

పండు మంచిదైనా ఎండబెట్టే దగ్గర పోయేది చాలా ఉంటుంది. ఇక్కడ ప్రకృతి వ్యవసాయ రైతులు మరీ జాగ్రత్తగా వినాల్సింది ఒకటుంది. మనకి పేడ అంటే ఎంత గౌరవమో చెప్పక్కర్లేదు. కళ్లాన్ని పేడతో అలికి, ముగ్గేసి, దాని మీద ధాన్యం పోయడం తరతరాల అలవాటు. ధాన్యానికి పర్వాలేదు. పైన పొట్టు ఉంటుంది, తర్వాత మర పడుతుంది, వండుతాం. కాఫీకి మాత్రం అది పనికిరాదు. కడిగిన తడి గింజ చుట్టూ ఉన్న వాసనల్ని స్పాంజిలా లాగేసుకుంటుంది. మట్టి మీదో, పేడ అలికిన నేల మీదో ఆరబోస్తే కప్పులో మట్టి వాసన వచ్చేస్తుంది. కప్పింగ్ చేసేవాళ్లు మొదటి చెంచాకే పట్టేస్తారు. నేల నుంచి నడుం ఎత్తులో వెదురుతో మంచె కట్టి, పైన వల పరిచి, గాలి కిందనుంచీ ఆడేలా ఆరబెట్టాలి. మన కొండల్లో వెదురుకు కొదవ లేదు కాబట్టి ఇది పెద్ద ఖర్చు కాదు. మొదటి రెండు రోజులు పలచగా పరిచి గంట గంటకీ తిరగేయాలి. మంచు పడే రాత్రుళ్లు కప్పాలి, మిట్టమధ్యాహ్నం ఎండ మరీ తీవ్రంగా ఉంటే అప్పుడూ కప్పాలి. పార్చ్‌మెంట్‌కి వారం పది రోజులు పడుతుంది. పండు పండుగా ఎండబెట్టే నేచురల్‌కి రెండు నుంచి నాలుగు వారాలు. తేమ 11 శాతం దగ్గరకి వచ్చాక గోనె సంచిలో నింపి చెక్క బల్ల మీద పెట్టాలి. అదే గదిలో మిరియాలు, పసుపు, ఎండుమిర్చి, కిరోసిన్ డబ్బా, వేపనూనె సీసా ఉండకూడదు. మన ఇళ్లలో ఇవన్నీ ఒకే గదిలో ఉంటాయని నాకూ తెలుసు. కాఫీని మాత్రం పక్క గదికి మార్చండి.

కోసిన పండ్లని ముందు నీళ్ల తొట్టిలో వేయడం కూడా మర్చిపోకండి. పైకి తేలినవి తాలు, పురుగు తొలిచినవి, ఎండిపోయినవి. వాటిని తీసి విడిగా ఆరబెట్టి మామూలు కాఫీగా అమ్ముకోవచ్చు, పారేయక్కర్లేదు. పల్పర్ నుంచి వచ్చిన తొక్కని కుప్ప వేసి జీవామృతం చల్లితే మంచి కంపోస్టు అవుతుంది. జిగురు కడిగిన నీళ్లు మాత్రం గెడ్డలోకి వదలొద్దు. అవి పులిసి నీటిలో ప్రాణవాయువు లేకుండా చేస్తాయి, చేపలు చస్తాయి. ప్రకృతి సేద్యం అని బోర్డు పెట్టుకుని కింద ఊరివాళ్ల గెడ్డ పాడు చేస్తే ఆ బోర్డుకి అర్థం లేదు.

కప్పు 200 అంటే రైతుకి ఎంత?

వీడియో కింద కామెంట్లలో ఎక్కువమంది అడిగేది ఇదే. కప్పు రెండొందలకి అమ్ముతున్నారు, రైతుకి చిల్లర ఇస్తున్నారు, ఇది దోపిడీ కాదా అని. కోపం అర్థం చేసుకోదగ్గదే. కానీ లెక్క వేసి చూద్దాం.

సుమారు 6 కిలోల పండ్లు కోస్తే 1 కిలో పచ్చి గింజ వస్తుంది. వేయిస్తే తేమ పోయి 15 శాతం దాకా తగ్గుతుంది, అంటే 850 గ్రాములు. ఒక కప్పుకి 18 గ్రాములు వేస్తారు అనుకుంటే 47 కప్పులు. అంటే మీరు కోసిన కిలో పండ్ల నుంచి దాదాపు 8 కప్పులు. కప్పు 200 రూపాయలు అనుకుంటే కిలో పండ్ల మీద షాపులో 1,600 రూపాయల వ్యాపారం జరుగుతుంది. ఈ సీజన్‌లో కిలో పండ్లకి మీ చేతికి ఎంత వచ్చిందో ఆ అంకె పక్కన మీరే వేసుకోండి.

చూడగానే గుండె మండుతుంది. కానీ ఆ 1,600లో పాలు ఉన్నాయి, జూబ్లీహిల్స్ అద్దె ఉంది, లక్షలు పోసి కొన్న ఎస్‌ప్రెస్సో యంత్రం ఉంది, ఏసీ ఉంది, లాప్‌టాప్ పెట్టుకుని ఒక్క కప్పుతో మూడు గంటలు కూర్చునే కుర్రాడు ఉన్నాడు. నిజానికి ఆ షాపు అమ్మేది కాఫీ కంటే కుర్చీని ఎక్కువ. అందుకే రైతు వాటా లెక్క కప్పు దగ్గర తేలదు. ప్యాకెట్ దగ్గర చూడాలి.

పావుకిలో వేయించిన గింజల ప్యాకెట్ 500 రూపాయలు అనుకుందాం. కిలోకి 2,000. అదే లెక్కన కిలో పండ్ల మీద వచ్చేది 283 రూపాయలు. 1,600 ఎక్కడ, 283 ఎక్కడ! ఈ 283లో పల్పింగ్, ఎండబెట్టడం, మర పట్టించడం, రవాణా, వేయించడం, ప్యాకింగ్, షాపు లాభం అన్నీ ఉన్నాయి. ఇందులో ఏ పని మన చేతిలో ఉంటే అంత వాటా మన దగ్గర ఉంటుంది. పండుగా అమ్మితే ఒక వాటా. మంచెల మీద ఎండబెట్టిన పార్చ్‌మెంట్‌గా అమ్మితే ఇంకొంచెం. సంఘంగా ఏర్పడి, పచ్చి గింజ గ్రేడ్ చేసి నేరుగా రోస్టర్‌కి ఇస్తే ఇంకొంచెం. వేయించి మనమే అమ్ముదాం అన్న ఉత్సాహం చాలామందికి ఉంటుంది. నా అభిప్రాయం అడిగితే, అది చివరి మెట్టు. వేయించడం వేరే విద్య. వేయించిన కాఫీ నెల రెండు నెలల్లో వాసన కోల్పోతుంది. పచ్చి గింజ సరిగ్గా నిల్వ చేస్తే నెలల తరబడి ఆగుతుంది. రైతుకి ఆగే సరుకే బలం.

ఇంకో విషయం. మామూలు అరబికా ధర న్యూయార్క్ మార్కెట్‌ని పట్టుకుని ఊగుతుంది. 2025 ఫిబ్రవరిలో పౌను 4 డాలర్లు దాటి రికార్డు కొట్టింది. అంతకుముందు ఏళ్ల తరబడి అందులో సగం కూడా లేని రోజులు చూశాం. బ్రెజిల్‌లో కరువొస్తే మనకి పండగ, అక్కడ పంట బాగుంటే మనకి పస్తు అన్నట్టు నడుస్తుంది. స్పెషాలిటీ కొనేవాళ్లు లాట్ రుచి చూసి ధర మాట్లాడతారు. న్యూయార్క్ ప్రభావం అసలు లేదని కాదు, తక్కువ. అలాగని ధర బాగా పెరిగిన ఏడాది మామూలు కాఫీకే మంచి రేటు వస్తుంటే నాలుగుసార్లు కోయడం దేనికి అనిపిస్తుంది. అలా అనుకుని ఒక ఏడాది దూసి అమ్మితే, మరుసటి ఏడాది రోస్టర్ ఫోన్ ఎత్తడు.

షాపులో ఏం అడగాలి

హైదరాబాద్ ఇరానీ చాయ్ ఊరు. ఇక్కడ స్పెషాలిటీ కాఫీ గట్టిగా నిలబడింది గత పదేళ్లలోపే. బంజారాహిల్స్‌లో రోస్టరీ కాఫీ హౌస్ లాంటివి ఇక్కడ మొదలైనవి, బ్లూ టోకాయ్, థర్డ్ వేవ్ లాంటివి బయటి నుంచి వచ్చినవి. కొన్ని చోట్ల గింజలు అక్కడే వేయిస్తారు, వాసన రోడ్డు మీదకే వస్తుంది. రైతు వెళ్లాల్సింది అలాంటి చోటుకి, అదీ మధ్యాహ్నం రద్దీ లేని వేళ. సాయంత్రం వెళ్తే ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు.

పాలు కలిపిన కాపచినో తాగితే మీకు గింజ గురించి ఏమీ తెలియదు. ‘పోర్ ఓవర్’ అడగండి. గరాటు లాంటి దాంట్లో పేపర్ ఫిల్టర్ పెట్టి, పొడి వేసి, సన్నటి ధారగా వేడినీళ్లు పోసి దించుతారు. మన ఇత్తడి ఫిల్టర్‌కి చుట్టమే, కాకపోతే డికాషన్ అంత చిక్కగా ఉండదు, టీ నీళ్లలా పలచగా ఉంటుంది. పంచదార అడిగితే ఇస్తారు గానీ ఆ కుర్రాడి మొహం కొంచెం వాడుతుంది. మొదటి గుక్కకి చాలామంది మనవాళ్లు ‘ఇదేం కాఫీ, పుల్లగా ఉంది’ అంటారు. తప్పేం లేదు. మనం పెరిగింది చిక్కటి పాలు, చికోరీ కలిసిన కాఫీతో. కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతం ఉంటే చాలని నిబంధన. అంటే మనకి అలవాటైన కాఫీ రుచిలో సగం దాకా చికోరీ దుంపది కావచ్చు. ఆ రుచి నాకూ ఇష్టమే, పొద్దున్నే అదే తాగుతాను. కాకపోతే మన తోట గింజ ఎలా ఉందో తెలుసుకోవడానికి అది పనికిరాదు.

తాగాక అడగండి. ఈ గింజ ఏ ఏడాది కోతది? ఒక్క తోటదా, పలువురు రైతులదా? పచ్చి గింజ ఎవరి దగ్గర కొంటున్నారు, ఒక లాట్‌కి కనీసం ఎన్ని కిలోలు కావాలి? శాంపిల్ పంపితే రుచి చూసి మార్కులు చెప్తారా? చాలామంది రోస్టర్లు సంతోషంగా చెప్తారు. రైతు స్వయంగా వచ్చాడంటే లోపల్నుంచి ఓనర్ కూడా బయటికి వస్తాడు. అన్నిచోట్లా అలాగే ఉంటుందని చెప్పను. ఒకచోట గోడ నిండా రైతుల ఫోటోలు పెట్టి, ఆ ఫోటోలో ఉన్నది ఏ ఊరివాళ్లు అని అడిగితే చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. అలాంటి చోట కాఫీ తాగి వచ్చేయడమే.

అరకు అని రాసిన ప్యాకెట్ కనపడితే ఇంకో ప్రశ్న కూడా వేయాలి. అరకులో ఎవరి దగ్గర కొన్నారు? గిరిజన సహకార సంస్థ కొంటుంది, నాంది సంఘం కొంటుంది, ప్రైవేటు వ్యాపారులూ కొంటారు. అరకు అనే పేరుకి ఇవాళ విలువ వచ్చింది కాబట్టి ఆ పేరు ఎవరు వాడుకుంటున్నారో, ఆ విలువ కొండ మీదకి ఎంత వెళ్తోందో అడిగే హక్కు పండించేవాళ్లకే ముందు ఉంది.

ఇక మన అసలు ప్రశ్న. మందుల్లేకుండా పండించాం, దానికి విడిగా ధర ఇస్తారా? మేం మాట్లాడిన రోస్టర్ల జవాబు ఇంచుమించు ఒకటే. 80 దాటితే తీసుకుంటాం, ఆ తర్వాత మందుల్లేవని నమ్మకంగా చూపిస్తే మా కొనుగోలుదారులకి చెప్పుకుంటాం, ఇంకొంచెం ధర కూడా ఇవ్వొచ్చు. 80 దాటకపోతే ఎంత ప్రకృతి సేద్యమైనా మాకు పనికిరాదు. కొంతమంది రైతులకి ఇది అన్యాయంగా తోచింది. నాకైతే ఇది సూటిగా చెప్పినట్టే అనిపించింది. మనం విషం తినిపించడం లేదు కాబట్టి రుచి ఎలా ఉన్నా ఎక్కువ ధరకి కొనాలి అని ఎన్నాళ్లు అడుగుతాం? ఒకసారి జాలితో కొంటారు, రెండోసారి రారు. కాఫీ ఒక్కటే కాదు, దేశవాళీ బియ్యంలో, బెల్లంలో కూడా ఇదే చూస్తున్నాం.

సర్టిఫికెట్ విషయంలో ఒక మాట. కాఫీ లాంటి బహువార్షిక పంటలకి ఎన్‌పీఓపీ కింద మూడేళ్ల మార్పు కాలం ఉంటుంది. ఎకరం, రెండెకరాల రైతు ఒక్కడే ఆ ఖర్చు మోయలేడు, గుంపుగా తీసుకోవాలి. అదే గుంపు లాట్ నింపడానికీ పనికొస్తుంది. అయితే గుంపులో ఒక్కరు పచ్చికాయ కలిపినా అందరి కాఫీ దెబ్బతింటుంది. అందుకని పండ్లు తెచ్చిన దగ్గరే రంగు చూసి తీసుకునే బాధ్యత ఒకరికి అప్పగించాలి. చుట్టాలనీ పక్కాలనీ మొహమాటపడని మనిషై ఉండాలి. మాకు తెలిసిన సంఘాల్లో ఈ పని ఆడవాళ్లే బాగా చేస్తున్నారు.

కాయతొలుచు పురుగు వచ్చిన తర్వాత

ఇదంతా మాట్లాడుకుంటూ 2025లో అరకు ప్రాంతంలో కాయతొలుచు పురుగు కనపడిన సంగతి వదిలేయలేం. మన దేశంలో ఇది మొదట 1990లో నీలగిరి జిల్లా గూడలూరు దగ్గర కనపడింది. ఇన్నేళ్లూ మన కొండలకి రాలేదని ధీమాగా ఉన్నాం. ఆవగింజ కంటే చిన్న నల్ల పురుగు, కాయ కొన దగ్గర సూది బెజ్జం వేసి లోపలికెళ్లి గింజలోనే పిల్లల్ని పెడుతుంది. ఒకసారి లోపలికెళ్లాక మందు కొట్టినా తగలదు. కాబట్టి రసాయనాలవాళ్లకి కూడా ఇది తేలిగ్గా లొంగే పురుగు కాదు. కోత అయ్యాక చెట్టు మీద ఒక్క కాయ మిగలకుండా, నేల రాలిన పండు ఒక్కటి లేకుండా ఏరేయడమే దీనికి అన్నిటికంటే పెద్ద మందు. రాలిన పండులోనే అది మరుసటి సీజన్ దాకా బతుకుతుంది. ఏరినవాటిని మరిగే నీళ్లలో ముంచాలి, లేదా లోతుగా పాతిపెట్టాలి. కోసేటప్పుడు కింద గుడ్డ పరిస్తే రాలినవి పోవు. బవేరియా బాసియానా అనే శిలీంధ్రం పిచికారీ, ఆల్కహాల్ ఎర బుట్టలు తోడుగా వాడొచ్చు. పురుగు ఉన్న తోట నుంచి గోనె సంచులు తెచ్చుకోవద్దు, కూలీలు ఒక తోట నుంచి ఇంకో తోటకి వెళ్లేటప్పుడు బుట్టలు దులపాలి.

దీనికీ కాఫీ షాపుకీ ఏమిటి సంబంధం అంటారేమో. బెజ్జం పడిన గింజని గ్రేడింగ్‌లో లోపంగా లెక్కిస్తారు. బెజ్జాల సంఖ్య పెరిగితే ఎంత ఎత్తులో పండినా, ఎంత నీడ ఉన్నా స్పెషాలిటీ నుంచి బయటికి పోతాం. కొండంతా కలిసి ఏరకపోతే ఒక్కరు ఏరి ఉపయోగం లేదు కాబట్టి, గుంపు అవసరం ఇక్కడ కూడా ఉంది.

ఇంట్లో చేసుకునే కప్పింగ్

హైదరాబాద్ వెళ్లే ముందే మీ కాఫీ మీరు తాగి చూడండి. ఏజెన్సీలో కాఫీ పండించే ఇళ్లలో తమ తోట కాఫీ రుచి తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు, ఇది నాకు ప్రతిసారీ ఆశ్చర్యమే. వంద గ్రాముల పచ్చి గింజలు మందపాటి మూకుడులో మధ్యరకం మంట మీద ఆపకుండా కలుపుతూ వేయించండి. ముందు గడ్డి వాసన, తర్వాత రొట్టె కాలిన వాసన వస్తుంది. పదినిమిషాలు అటూ ఇటూగా పేలాలు పేలినట్టు చిటపట మొదలవుతుంది. ఆ చిటపట తగ్గగానే దించి చాటలో పోసి విసరండి. నల్లగా అయ్యేదాకా ఉంచితే మాడు వాసనలో మంచి చెడ్డలు రెండూ దాక్కుంటాయి. ఒకరోజు ఆగి, కచ్చాపచ్చాగా దంచి, మూడు స్టీలు గ్లాసుల్లో ఒక్కోదాంట్లో 8 గ్రాములు వేయండి. ఒకటి మీ కాఫీ, ఒకటి పక్క రైతుది, మూడోది సంతలో కొన్నది. ఏది ఎవరిదో రుచి చూసేవాళ్లకి చెప్పకండి. మరిగించి అర నిమిషం ఆగిన నీళ్లు 150 మిల్లీలీటర్లు పోసి, నాలుగు నిమిషాల తర్వాత తెట్టు తీసేసి, ఇంట్లో అందరూ తలా ఒక చెంచా తాగండి. మట్టి వాసన, గోనె వాసన, పులిసిన వాసన ఏ గ్లాసులో ఉందో పిల్లలు పెద్దలకంటే ముందే చెప్పేస్తారు.

వేడిగా ఉన్నప్పుడు ఒకసారి, గోరువెచ్చగా అయ్యాక ఒకసారి, పూర్తిగా చల్లారాక ఇంకోసారి తాగండి. లోపాలు బయటపడేది ఆ మూడోసారే.